మారెమ్మ సీమలో గుఱ్ఱపుస్వారి

ఇటలీ యనగనే మనకు రోము నగరమును, వెనీసు కాలువలును, పీసాలో నొరిగియున్న గోపురమును తలపునకు వచ్చును. మేము నలుగురు స్నేహితురాండ్రము మొన్నటి ఏప్రిలు నెలలో ఆ దేశమునకు బోయి పది దినములుండి వచ్చితిమి. వచ్చినది మొదలు ఇరుగుపొరుగువారందఱును "ఏమేమి చూచితిరి?" అని యడుగుచునే యున్నారు. గొప్ప కట్టడములు చాలనే చూచితిమి. కాని మా మనస్సున నిలిచిపోయినది ఏ రాజభవనమును గాదు. సముద్రతీరపు పల్లెపట్టున గుఱ్ఱములపై గడపిన యొక ఉదయము.

ఆ సీమ పేరు మారెమ్మ. ఆ పేరు వినగనే మాలో నొకరు ఉలికిపడిరి. మన పల్లెలలో మారెమ్మ యనగా జబ్బుల నిచ్చి, మ్రొక్కినచో వానిని తొలగించు గ్రామదేవత గదా! ఇటలీవారి పేరునకును మన దేవతకును సంబంధ మేమియు లేదు. సముద్రతీరసీమ యను నర్థముగల లాటిను మాటనుండి అది పుట్టినదని చెప్పుదురు. అయినను ఆ సీమ చరిత్రము తెలిసికొన్న పిదప, పేర్లిట్లు కలియుట యెంత చిత్రమని తోచెను.

మారెమ్మకు బోవుటకు ముందు మూడు దినములు సియెనా నగరమున బసచేసితిమి. ఊరి నడుమ నున్న మైదానము ఆలుచిప్పవలె ఒకవైపునకు వాలియుండును. ఎఱ్ఱ యిటుకల నేలను తెల్లఱాతి గీతలు తొమ్మిది భాగములుగా విభజించుచున్నవి. పూర్వము నగరము నేలిన తొమ్మండుగురి సభకు ఇది గుర్తు. ప్రతిసంవత్సరమును జూలై 2వ తేదీనను, ఆగస్టు 16వ తేదీనను ఈ మైదానము చుట్టును మట్టి పఱచి గుఱ్ఱపుపందెములు నడపుదురు. ఊరిలోని 17 పేటలలో పదింటి గుఱ్ఱములు ఒక్కొక్క పందెమున పరుగెత్తును. జీను లేకయే స్వారి చేయవలెను. రౌతు పడిపోయినను గుఱ్ఱము ముందుగా వచ్చినచో గెలుపు దానిదే! పందెమునకు ముందు గుఱ్ఱమును పేటలోని దేవాలయమునకు దీసికొనిపోయి ఆశీర్వదింతురట. కనుమనాడు మన పశువులకు చేయు పూజ మాకు జ్ఞప్తికి వచ్చెను. 1957వ సంవత్సరమున రోసన్నా బొనెల్లి యను యువతి మగ రౌతుల నడుమ ఆ పందెమున స్వారి చేసెనని విని, మా ప్రయాణమునకు మంచి శకునమని సంతసించితిమి.

భోజనము సంగతి సోదరీమణులు తప్పక యడుగుదురు. మాలో నిద్దఱు శాకాహారులు. అయినను ఒక్క పూటయు పస్తుండవలసిన యవసరము రాలేదు. సియెనాలో పీచి యను వంటకము కలదు. గోధుమపిండిని నీటితో తడిపి, చేతితో పామి, మన సేమ్యాలకంటె లావుగా చేసి యుడికించి, వెల్లుల్లి టొమేటోల పులుసుతో వడ్డింతురు. అచ్చటి రొట్టెలో ఉప్పు వేయరు. మొదటి ముద్ద చప్పగా నున్నదని మొగము చిట్లించితిమి. గొఱ్ఱెపాల జున్నుతో తినిన పిదప గాని అందలి కిటుకు బోధపడలేదు. జున్నులోని యుప్పు రొట్టెకు సరిపోవును. మిగిలిన రొట్టెను పాఱవేయరు. చిక్కుడుగింజలతోను ఆకుకూరలతోను కాచిన పులుసులో దానిని నానవేసి మఱునాడు మరల మరగింతురు. ఆ వంటకము పేరే "మరల మరగించినది" యను నర్థ మిచ్చును. బాదము, తేనె, పండ్ల ముక్కలు చేర్చి చేసిన పాన్‌ఫోర్తె యను మిఠాయిలో మిరియాల ఘాటు తగిలినప్పుడు, ఎన్ని సముద్రములు దాటి మన దేశపు సరకు ఈ యూరి వంటయింట చేరినదో యని యనుకొంటిమి.

బయలుదేరుటకు ముందటి సాయంకాలము నగర సభామందిరమున అంబ్రోజియో లొరెంజెత్తి 1338-39 సంవత్సరములలో గోడలపై వ్రాసిన చిత్రములను చూచితిమి. సుపరిపాలన మొకవైపు, దుష్పరిపాలన మొకవైపు. మంచి పాలనగల నగరమున జనులు నాట్యమాడుచున్నారు, దుకాణములు తెఱచియున్నవి. కోటగుమ్మము వెలుపల డేగను చేతబట్టి గుఱ్ఱములపై పోవువారును, పంట కోయువారును కనబడుదురు. ఆ దారిపైన ఱెక్కలుగల యొక స్త్రీమూర్తి యెగురుచు, ఎల్లరును నిర్భయముగా ప్రయాణము చేయవచ్చునని చాటు పత్రమును పట్టుకొనియున్నది. చిత్రము కొనయందు కనబడు రేవు పేరు తలమోనె. అది మారెమ్మ తీరముననే యున్నది. మేము పోనున్న దారి ఆఱువందల యేండ్లకు పైబడి యా గోడమీద నున్నదన్నమాట!

కాని ఆ దారి నిజముగా నిర్భయమైనది మన తాతల కాలముననే. మారెమ్మ యొకప్పుడు చిత్తడినేల, చలిజ్వరమునకు పుట్టినిల్లు. సియెనాలో పుట్టి మారెమ్మలో మరణించిన పియా యను స్త్రీని డాంటే మహాకవి తన కావ్యమున ప్రవేశపెట్టెను. ఆమె కోరిన దొక్కటే: తన్ను మఱచిపోవలదని. 19వ శతాబ్దమునందు సయితము వేసవి వచ్చుసరికి గ్రొస్సెతో పట్టణములోని సర్కారు కచేరీలు కొండమీది ఊరికి తరలిపోవుచుండెడివి. బీదవారు మాత్రము పొట్టకూటికై కొండలనుండి కోతలకు దిగివచ్చి, జ్వరము తెచ్చుకొనుచుండిరి. 1828లో తస్కనీ ప్రభువు రెండవ లెయొపోల్దు ఓంబ్రోనె నది వరదనీటిని కాలువల ద్వారా చిత్తడిలోనికి మరలించి, ఒండ్రుతో పల్లమును పూడ్చు పని ప్రారంభించెను. అయినను జ్వరము పోలేదు. మలేరియా యను మాటకు ఇటలీభాషలో చెడుగాలి యని యర్థము. గాలియే కారణమని జనుల నమ్మకము. 1897 ఆగస్టు 20వ తేదీని మన సికింద్రాబాదులో రోనాల్డు రాస్ దోమ కడుపున జ్వరపు క్రిమిని కనుగొనెను. మఱు సంవత్సరము ఇటలీలో గ్రాస్సియు ఆయన సహచరులును, మనుష్యులకు ఈ జ్వరమును చేరవేయునది అనాఫిలిసు దోమయే యని రుజువు చేసిరి. రెండవ ప్రపంచయుద్ధానంతరము దోమలపై సాగిన గొప్ప ప్రయత్నము ఫలించి, 1970లో ఇటలీ మలేరియా లేని దేశమని ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించెను.

ఇది యంతయు రైలులో చెప్పుకొనుచు గ్రొస్సెతో చేరి, మఱునాటి యుదయమున అల్బెరేసె గ్రామమునకు పోయితిమి. అచ్చటి కొండలును అడవియు తీరమును 1975నుండి రక్షితవనముగా నున్నవి. ఆ సీమ పశువులను గుఱ్ఱములపై నుండి కాయువారిని బుత్తెరో లందురు. మాకు దారి చూప వచ్చిన యామెయు ఆ పనిలో పెరిగినదే. ముప్పది యేండ్ల వయసుండును.

మాలో పెద్దవారిని మేమందఱము అక్కయ్యగారని పిలుతుము. ఆమె గుఱ్ఱమును చూడగనే వెనుదీసి, "నేను రాలేనమ్మా! ఏబదియైదేండ్లు నిండినవి. పడితినా, పరాయిదేశమున నన్నెవరు మోయుదురు? మీరు పోయి రండు. నేనీ చెట్టుక్రింద కూర్చుందును" అనిరి. ఒకరు మానినచో నలుగురమును మానవలెనని మా యొప్పందము. ఏమి చేయుటకును తోచక నిలిచితిమి. ఆ యువతి తొందరపెట్టలేదు. జీను బిగించుచు తన యింటి సంగతులు చెప్పినది. తన ముత్తవ్వ కోతలకై కొండలనుండి ఇచ్చటికి వచ్చినదట; ఆమె బిడ్డల నిద్దఱిని జ్వరము పొట్టబెట్టుకొన్నదట.

మాలో ఇంగ్లీషు బాగుగ వచ్చిన యామె దానిని తెలుగున చెప్పగా అక్కయ్యగారు చాలసేపు మాటలాడలేదు. పిదప, తమ తండ్రిగారు మన్యములో ఉపాధ్యాయులుగా నుండిన కాలమున నాలుగేండ్ల తమ్ముడు చలిజ్వరముతో రెండు దినములలో పోయెనని చెప్పిరి. ఇరువదియేండ్ల స్నేహమున ఈ మాట మేము వినియుండలేదు. "అంతమంది ప్రాణములకు తెగించి నడచిన నేలమీద నేను గుఱ్ఱమునకు భయపడుట యేమిటి?" అని లేచి, దాని మెడమీద చేయి వైచిరి.

తరువాత కథ సుఖముగనే సాగెను. కళ్లెము బిగబట్టవలదనియు, నేలను గాక ముందున్న దారిని చూడవలెననియు ఆ యువతి నేర్పినది. దేవదారులను పోలిన పొడుగైన చెట్ల నీడను, సముద్రపుగాలి వీచుచుండగా, మెల్లగా నడిపించితిమి. ఒక బయలున బూడిదవన్నె ఆవులమంద మేయుచున్నది. మూపురము లేదు గాని ఠీవిలో మన ఒంగోలు జాతికి తీసిపోవు. కొమ్ములు మాత్రము వీణదండెలవలె ఇరువైపుల సాగి పైకి వంగియున్నవి. కొంత సేపటికి వెనుకకు తిరిగి చూతుము గదా, అక్కయ్యగారు అందఱికంటె నిబ్బరముగా కూర్చుండిరి.

తిరిగివచ్చుసరికి అక్వాకోత్త సిద్ధముగా నున్నది. "ఉడికించిన నీరు" అని దాని యర్థము. పశువులకాపరులును బొగ్గు కాల్చువారును చేసికొన్న బీదవంటకము. ఆలివునూనెలో ఉల్లిపాయలు బాగుగ మగ్గనిచ్చి, సెలరీ కాడలు, టొమేటోలు, ఉప్పు చేర్చి నీరుపోసి కాచవలెను. ఎండిన రొట్టెముక్కను గిన్నెలో నుంచి దానిపై పులుసు పోయుదురు. తినువారికి పైన గ్రుడ్డు వేయుదురు. మాలో నిద్దఱికి గ్రుడ్డు లేకుండ వడ్డించిరి. ఆకలిమీద ఆ పులుసు మన చద్దన్నమువలె కడుపునకు చల్లగా నుండెను.

ఇట్టి స్వారికి పోదలచిన సోదరీమణులు చీర మాని పొడుగు పైజామాయు, మడమగల బూట్లును ధరింపవలెను. శిరస్త్రాణము వారే యిత్తురు. స్వారి రానిచో రాదని దాపఱికము లేక చెప్పవలెను. మెత్తని గుఱ్ఱము నిత్తురు. ఎండలు ముదురకమునుపే పోవుట మేలు.

ఆ రాత్రి గ్రొస్సెతో బసలో అక్కయ్యగారు కిటికీ తెఱచియే నిదురించిరి. "ఇచ్చట దోమ కుట్టినను భయము లేదు గదా! మన మన్యమునకు ఈ మాట యెప్పుడు వచ్చునో" అనిరి. మేము బదులు చెప్పలేకపోతిమి.