గుర్రపు డెక్కల కింది చరిత్ర

హైదరాబాదుకు పడమట, నేడు హైటెక్ సిటీ అని పేరొందిన ప్రాంతంలో, గాజు మేడల నడుమ ఇంకను కొన్ని పెనుగుండ్లు ఒకదానిపై నొకటి పేర్చినట్లు నిలిచి ఉన్నవి. వాటి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలని భూగర్భశాస్త్రజ్ఞులు చెబుతారు. పడమటి అమెరికా సాహసగాథలను పాత బొమ్మల పుస్తకాలలో చదివినవారు ఆ గుండ్లను చూచినపుడు, వాటి చాటునుండి వెడల్పు టోపీ ధరించిన రౌతు ఒకడు వెలువడునేమో అనుకొనుట సహజం. ఆ పుస్తకాలలో చిత్రకారుడు మొదట గీసేది ఇట్టి నేలనే. రాయి, ఇసుక, దూరాన ధూళి. మనుష్య సంచారం కానరాదు. ఆ శూన్యంలోకి వీరుడు ప్రవేశిస్తాడు.

ఇట్టి గాథలలో 'టెక్స్ విల్లర్' మిక్కిలి దీర్ఘాయువు గలది. దాని జన్మస్థలం అమెరికా కాదు, ఇటలీ. 1948లో రచయిత బొనెల్లి, చిత్రకారుడు గల్లెప్పీని ఆరంభించిన ఈ గాథ తమిళ పాఠకులకు సైతం వారి భాషలోనే లభించినది. టెక్స్ గురి తప్పనివాడు. అయినను అతని గొప్పతనం తుపాకిలో లేదు. నవాహో తెగవారితో బంధుత్వం కలుపుకొని, వారికి నాయకుడై, వారి పక్షాన నిలుస్తాడు. ఆదిమవాసులను శత్రువులుగానే చూపే కథలు విరివిగా ఉన్న కాలంలో ఇది మెచ్చదగిన విషయం. ఈ టెక్స్‌కు ప్రాణమిత్రుడు కిట్ కార్సన్.

ఇక్కడనే చదువరి ఒక్క క్షణం ఆగవలసి ఉన్నది. కిట్ కార్సన్ కల్పితపాత్ర కాదు. 1809లో జన్మించి 1868లో మరణించిన మనిషి. వేటగాడుగా, దారి చూపేవాడుగా పేరు గడించి, పిదప సైన్యంలో అధికారి అయినాడు. కథలో టెక్స్ ఏ నవాహోలకు నాయకుడో, ఆ నవాహోల పంటపొలాలనే 1863, 64 సంవత్సరాలలో కార్సన్ నడిపిన సేన తగులబెట్టినది. ఆకలికి లొంగిన 8,000కు పైగా జనాన్ని సుమారు 300 మైళ్లు నడిపించి పరాయినేలలో నిర్బంధించారు. ఎందరో మరణించారు. మిగిలినవారు 1868 నాటి ఒప్పందంతో గాని స్వస్థలం చేరలేదు. కథలోని స్నేహానికి, చరిత్రలోని మంటకు ఎంత దూరం!

ఈ దూరం కార్సన్‌కే ఒకమారు ఎదురుపడినది. 1849లో అపాచీ తెగవారు చెరపట్టిన ఒక వలసదారు స్త్రీని విడిపించుటకు వెళ్లిన దళంలో అతడున్నాడు. దళం విడిదిని చేరునప్పటికి ఆమె అప్పుడే ప్రాణాలు కోల్పోయి ఉన్నది. అక్కడి సామానులలో ఒక పుస్తకం దొరికినది. అందులో శత్రువులను గుంపులుగా హతమార్చే కథానాయకుడు కిట్ కార్సనే! ఆ పుస్తకం చదివి ఆమె తన రాకకై ప్రార్థించి ఉండునేమో అని చదువురాని ఆ మనిషి తరువాత పలుమారులు తలపోసినట్లు అతని జ్ఞాపకాలలో ఉన్నది.

తెలుగువారికి కూడ ఈ మోజు సోకినది. 1971లో వచ్చిన 'మోసగాళ్లకు మోసగాడు' చలనచిత్రానికి కథ, మాటలు వ్రాసినవారు 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' కర్త ఆరుద్ర! ఎడారి దృశ్యాలకు రాజస్థానం వెళ్లవలసి వచ్చినను, ఆయన కథాభూమిని మాత్రం శూన్యంగా విడువలేదు. ఆంగ్లేయుల ఏలుబడిని, ఒక సంస్థానాన్ని, దాని నిధిని కల్పించి, ఆ నేలకు సొంతదారులున్నారని చూపారు.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనది. అంతకు మునుపు ఆ ప్రాంతమంతా ఒట్టి రాళ్లబయలని చెప్పుకొనుట పరిపాటి. కాని మాదాపూర్, కొండాపూర్, రాయదుర్గం ఊళ్ల పేర్లు. 'కంచ గచ్చిబౌలి'లోని కంచ అన్న మాటకు పశువులు మేసే బీడు అని అర్థం. మేసే పశువున్నచోట కాచే మనిషి ఉండక తప్పదు.

విద్యార్థులు సాహసగాథలు చదువవలసినదే. ధైర్యం, స్నేహం, న్యాయబుద్ధి వాటిలో పుష్కలం. పుస్తకం మూసిన పిదప ఉపాధ్యాయుడు ఒక్క ప్రశ్న అడిగిన చాలును: వీరుడు రాకముందు ఈ నేలమీద ఎవరుండిరి?