రుచి పోయిందంటే చూడాల్సింది ముక్కును

‘నోటికి రుచి తెలియడం లేదు’ అంటూ డాక్టరు దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి నాలుక బాగానే ఉంటుంది. దెబ్బతిన్నది ముక్కు. తీపి, ఉప్పు, పులుపు, చేదు, ఉమామి... నాలుక పసిగట్టేవి ప్రధానంగా ఇవే. పప్పులో ఇంగువ, పాయసంలో యాలకులు నమిలేటప్పుడు గొంతు వెనక దారిన ముక్కుకెక్కే వాసనలు. పంచదార పూసిన సోంపును ముక్కు గట్టిగా మూసుకుని నమలండి, తీపే తెలుస్తుంది. ముక్కు వదిలితే సోంపు గుప్పుమంటుంది. వదిలాక కూడా తీపి ఒక్కటే తెలుస్తుంటే ఈఎన్‌టీ డాక్టరును కలవాలి.

వాసన మెల్లమెల్లగా తగ్గితే ఆ మనిషికే పట్టదు. అందుకే ‘వాసన తెలుస్తోందా?’ అని అడిగి వదిలేస్తే చాలదు, పరీక్షించాలి. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ డోటీ బృందం 1984లో ఇందుకు నాలుగు చిన్న పుస్తకాలు తెచ్చింది. వాటిలో మొత్తం 40 వాసనలు. కాగితం గీకి వాసన చూసి, ఇచ్చిన నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి. అయితే ఆ వాసనల్లో రూట్‌బీర్, వింటర్‌గ్రీన్ కూడా ఉన్నాయి. వాటిని ఎన్నడూ ఎరగని అనకాపల్లి పెద్దాయన తప్పు చెబితే అది ముక్కు లోపం కాదు. మన రోగులకు మనకు తెలిసిన మల్లె, లవంగం, కాఫీపొడి వంటి వాసనలతోనే పరీక్ష పెట్టడం న్యాయం.

‘అమృతాంజనం తెలుస్తోందిగా’ అని ధీమా పడేవాళ్లున్నారు. ఆ మంట, చల్లదనం ట్రైజెమినల్ అనే వేరే నరం మోసుకొచ్చేవి. వాసన పూర్తిగా పోయినా అవి తెలుస్తాయి.

కోవిడ్ వంటి వైరస్‌లు, ముక్కులో కండ, తలకు దెబ్బ... కారణాలు చాలా. పార్కిన్సన్స్‌లో చేతి వణుకుకు ఏళ్ల ముందే వాసన తగ్గవచ్చు. అలాగని వాసన తగ్గిన ప్రతివారూ దాన్ని తలచుకుని భయపడనక్కర్లేదు. వైరస్ వల్ల వాసన తెలియకుండా పోయినవారికి గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి వాసనలను రోజూ రెండుపూటలా, కనీసం మూడు నెలలపాటు శ్రద్ధగా చూసే సాధన కొంత మేలు చేస్తుంది.

ఈలోగా ఇంట్లో అసలు ప్రమాదం వంటగ్యాస్. లీకయితే తెలియాలని అందులో కలిపే ఘాటు వాసన వీళ్లకు అందదు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లను గ్యాస్ అలారం ఉందా అని డాక్టరు మొదటిరోజే అడగాలి.