‘మనవాళ్లు’ ఎవరు? నీతి వెనుక ఉన్న మనస్తత్వం

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో తెలుగు వినపడటం వింతేమీ కాదు. 19వ శతాబ్దం చివర బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షన్‌ను, ఆ తర్వాత పెద్ద వర్క్‌షాపును కట్టింది. పని కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు ఓల్డ్ సెటిల్‌మెంట్ వంటి రైల్వే కాలనీల్లో బెంగాలీ, ఒడియా, హిందీ, తమిళం మాట్లాడేవారి పక్కనే స్థిరపడ్డాయి.

ఇలాంటి కాలనీలో అర్ధరాత్రి ఎవరికైనా గుండెనొప్పి వస్తే ముందుగా తట్టేది పక్కింటి తలుపే. భాష, కులం వేరైనా పొరుగువారిని పరుగెత్తించేది ఏమిటి? అదే మనిషి మరోచోట ముఖం తిప్పుకొని పోవడానికి కారణం ఏమిటి? నీతి ప్రవర్తనను పరిశీలించే మనస్తత్వ శాస్త్రానికి ఇవి ముఖ్యమైన ప్రశ్నలు.

సాయం చేసే గుణం చాలా చిన్న వయసులోనే కనిపిస్తుంది. ఫెలిక్స్ వార్నెకెన్, మైకెల్ టొమాసెల్లో 2006లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక కొత్త మనిషి బట్టలు ఆరేస్తూ క్లిప్పు జారవిడిచి, అందనట్టు చెయ్యి చాస్తాడు. ఇలాంటి సందర్భాల్లో 18 నెలల పిల్లలు 24 మందిలో 22 మంది కనీసం ఒక్కసారైనా సాయపడ్డారు. ఎవరూ అడగలేదు, బహుమతీ ఇవ్వలేదు.

అయితే మనసు గీతలు గీయడమూ అంతే తేలిక. 1971లో హెన్రీ తాజ్‌ఫెల్ బృందం బ్రిటన్‌లోని బడిపిల్లలను, ఫలానా చిత్రకారుడు నచ్చాడన్న పేరుతో రెండు గుంపులు చేసింది. నిజానికి ఆ విభజన కేవలం లాటరీ లాంటిది. ఆ తర్వాత డబ్బు పంచమంటే, తమకు పైసా రాకపోయినా, పిల్లలు తమ గుంపువారికే ఎక్కువ ఇచ్చారు. దయ ఉండటం ఒక ఎత్తు, అది ఎవరిదాకా చేరుతుందన్నది మరో ఎత్తు.

ఆ గీతను చెరపడం ఎలా? అమెరికా మనస్తత్వవేత్త గార్డన్ ఆల్‌పోర్ట్ 1954లో నాలుగు షరతులు చెప్పాడు: సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, పరస్పర సహకారం, సంస్థల మద్దతు. 2006లో థామస్ పెటిగ్రూ, లిండా ట్రాప్ 515 అధ్యయనాలను కలిపి చూసి, గుంపుల మధ్య పరిచయం పెరిగితే వివక్షా భావం సాధారణంగా తగ్గుతుందని తేల్చారు.

కానీ ఏ పరిచయమైనా సరిపోదు. మ్యాట్ లో ఉత్తరప్రదేశ్‌లో వేర్వేరు కులాలకు చెందిన 1,261 మంది యువకులతో క్రికెట్ ప్రయోగం చేశాడు. ఫలితాలు 2021లో వచ్చాయి. ఒకే జట్టులో కలిసి ఆడినవారికి ఇతర కులాల్లో స్నేహితులు పెరిగారు. ఎదురు జట్లుగా తలపడినప్పుడు మాత్రం ఆ స్నేహాలు తగ్గాయి. మరో పరిమితి కూడా ఉంది. ఇరాక్‌లో సల్మా మూసా 2020లో ప్రచురించిన ఫుట్‌బాల్ ప్రయోగంలో, ముస్లిం సహ ఆటగాళ్లతో క్రైస్తవ ఆటగాళ్ల సఖ్యత పెరిగింది. మైదానం బయటి అపరిచితుల దాకా మాత్రం అది పెద్దగా పాకలేదు.

ఈ షరతులతో రైల్వే కాలనీని చూస్తే కొంత అర్థమవుతుంది. రైలు ఏ ఒక్కరి వల్లా నడవదు. తెలుగు ఫిట్టర్ బిగించిన బోల్టు మీద బెంగాలీ డ్రైవర్ ప్రాణం ఆధారపడుతుంది. ఒడియా గ్యాంగ్‌మన్ చూసిన పట్టా మీద వాళ్లిద్దరి పిల్లలూ ప్రయాణిస్తారు. ఉమ్మడి లక్ష్యం, సహకారం ఇక్కడ నిత్య జీవితమే. సమాన హోదా మాత్రం పూర్తిగా లేదు. బ్రిటిష్ కాలంలో పై ఉద్యోగాలు ఎక్కువగా యూరోపియన్లవి, ఆంగ్లో ఇండియన్లవి. క్వార్టర్లు నేటికీ హోదాను బట్టే ఇస్తారు.

కాబట్టి పక్కపక్కన ఉండటమే మనుషుల్ని దగ్గర చేస్తుందని అనుకోలేం. కాలనీలో క్రికెట్ పోటీ పెట్టేటప్పుడు ‘తెలుగు జట్టు, బెంగాలీ జట్టు’ అని విడదీయాలా, అన్ని భాషల పిల్లలతో జట్లు కట్టాలా? చిన్న నిర్ణయమే. రేపు ఆ పిల్లల్లో ఎవరు ఎవరి తలుపు తడతారన్నది కొంతవరకు దానిమీదే ఆధారపడి ఉంటుంది.