మెడలో మెరుపు : విద్యుత్ పట్టెడతో కుక్కలకు శిక్షణ తగునా?

సౌదీ అరేబియా ఉత్తర భాగంలోని హాయిల్ ప్రాంతంలో జుబ్బా, షువైమిస్ అనే రెండు చోట్ల ఇసుకరాతి కొండలున్నాయి. ఆ కొండల మీద ప్రాచీన మానవులు వేల సంఖ్యలో బొమ్మలు చెక్కారు. 2015లో యునెస్కో ఈ శిలాచిత్రాలను ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. వాటిలో వేట దృశ్యాలు అనేకం. వేటగాడు విల్లు ఎక్కుపెట్టి ఉంటాడు. అతని చుట్టూ నిక్కపొడుచుకున్న చెవులతో, వంపు తిరిగిన తోకలతో కుక్కల గుంపు ఉంటుంది. కొన్ని బొమ్మలలో కుక్క మెడ నుండి వేటగాని నడుము వరకు ఒక గీత కనిపిస్తుంది. జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన మరియా గ్వాగ్నిన్, ఆమె సహచరులు 2017లో ప్రకటించిన పరిశోధనలో ఆ గీతను పట్టుతాడుగా వివరించారు. ఆ చిత్రాల వయస్సు 8 వేల సంవత్సరాలకు పైబడి ఉండవచ్చునని వారి అంచనా. అది నిజమైతే, మనిషి కుక్క మెడకు ఒక బంధాన్ని తగిలించిన దృశ్యాలలో మనకు లభించిన అతి ప్రాచీన సాక్ష్యం ఈ ఎడారిలోనే ఉన్నదన్నమాట.

ఆ తాడు స్థానంలో కాలక్రమేణా తోలుపట్టెడ వచ్చింది, గొలుసు వచ్చింది. ఇరవయ్యవ శతాబ్ది ద్వితీయార్ధంలో విద్యుత్ పట్టెడ వచ్చింది. యజమాని చేతిలో రిమోట్ ఉంటుంది. మీట నొక్కగానే, ఎంతో దూరాన ఉన్న కుక్క మెడ మీద విద్యుదాఘాతం తగులుతుంది. ఈ పరికరం శిక్షణకు సాధనమా, హింసకు సాధనమా అన్నది అనేక దేశాలలో న్యాయస్థానాల వరకు వెళ్ళిన వివాదం.

అరబ్బు దేశంలో కుక్క

అరేబియాలో కుక్కను ఎవరూ పెంచరనే అభిప్రాయం మనవారిలో చాలామందికి ఉన్నది. ఇది పూర్తిగా నిజం కాదు. అల్ ఉలా ప్రాంతంలో 6 వేల ఏళ్ళకు పూర్వపు సమాధి కట్టడంలో మనుషుల అస్థికలతో పాటు ఒక పెంపుడు కుక్క ఎముకలు బయటపడినట్లు 2021లో పురావస్తు శాస్త్రజ్ఞులు ప్రకటించారు. సన్నని నడుము, పొడవైన కాళ్ళు గల సలూకీ జాతి కుక్క తరతరాలుగా బెదూయిన్ల వేటనేస్తం.

దానశీలిగా మన కథలలో కూడ వినిపించే హాతిం తాయి ఈ హాయిల్ ప్రాంతపు తయ్యి తెగవాడే. ఆయన కుమారుడు అదీ వేటకుక్కలను గురించి ముహమ్మద్ ప్రవక్తను అడిగి ధర్మసందేహం తీర్చుకున్నట్లు హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. శిక్షణ పొందిన కుక్క యజమాని కోసం పట్టి తెచ్చిన వేట తినదగినది. అది తానే తిన్నదైతే, తన కోసం పట్టుకున్నట్లే లెక్క. దీనిని ఆధారం చేసుకొని ధర్మశాస్త్రవేత్తలు శిక్షిత జంతువుకు లక్షణాలు నిర్ణయించారు. పంపితే వెళ్ళాలి, ఆపితే ఆగాలి, పట్టినది తినకూడదు. ఆకలితో ఉన్న జంతువు నోటిలో మాంసం పెట్టుకొని కూడ తినకుండా నిలవడం సామాన్యమైన విద్య కాదు. విద్యుత్తు పేరే ఎరుగని కాలంలో మనిషి కుక్కకు ఆ విద్య నేర్పగలిగాడు.

ఆధునిక కాలంలో నగరాలలో కుక్కల పెంపకానికి ఆటంకాలు లేకపోలేదు. 2008లో రియాద్‌లో కుక్కలు, పిల్లుల విక్రయాన్ని, వాటిని వీధులలో తిప్పడాన్ని నిషేధిస్తూ ధర్మరక్షక మండలి ఆజ్ఞ జారీ చేసింది. ఆ తర్వాతి దశాబ్దంలో పరిస్థితి చాలా మారింది. 2020లో అల్ ఖోబర్‌లో కుక్కలను వెంట తీసుకొని వెళ్ళడానికే ప్రత్యేకంగా ఒక కాఫీశాల వెలిసింది. పెంపకం పెరిగిన చోట శిక్షణ అవసరమూ పెరుగుతుంది. దాని వెంట సులభ మార్గాల అన్వేషణ కూడ పెరుగుతుంది.

పరికరం పని చేసే తీరు

విద్యుత్ పట్టెడలో రేడియో సంకేతాన్ని అందుకొనే గ్రాహకం, బ్యాటరీ, వోల్టేజిని పెంచే వలయం ఉంటాయి. పట్టెడ లోపలి వైపు రెండు లోహపు మొనలు వెంట్రుకలను దాటి చర్మాన్ని తాకుతుంటాయి. మీట నొక్కగానే ఆ మొనల మధ్య చర్మం గుండా అతి స్వల్పకాలిక విద్యుత్ స్పందనలు ప్రవహిస్తాయి. వాటి శక్తి తక్కువ. అవి ప్రాణం తీయవు, సాధారణంగా చర్మాన్ని కాల్చవు. కాని నొప్పిని తెలిపే నాడులను ప్రేరేపించడానికి ఆ శక్తి చాలును. పట్టెడను గంటల తరబడి బిగించి ఉంచితే మొనల ఒత్తిడికే చర్మం చెడి పుండ్లు పడవచ్చు.

రిమోట్ మీద 1, 2, 3 అని అంకెలుంటాయి. అంకె మారనంత కాలం నొప్పి కూడ మారదని కొన్నవారు నమ్ముతారు. విద్యుత్ శాస్త్రం ఈ నమ్మకాన్ని సమర్థించదు. చర్మం గుండా ప్రవహించే విద్యుత్తు చర్మపు నిరోధం మీద ఆధారపడి ఉంటుంది. పొడి చర్మానికీ తడి చర్మానికీ నిరోధంలో ఎన్నో రెట్ల భేదం ఉంటుంది. వెంట్రుకల ఒత్తు, పట్టెడ బిగువు, మొనలు ఆనిన చోటు కూడ లెక్కలోకి వస్తాయి. రియాద్‌లోని పొడిగాలిలో ఒక విధంగా తగిలిన ఆఘాతం, దమ్మామ్, జుబైల్ తీరాన ఉక్కపోతలోనో, స్నానం చేయించిన వెంటనేనో మరొక విధంగా తగులుతుంది. అంకె ఒకటే, అనుభవం వేరు. మోతాదు తెలియని మందును రోగికి ఇవ్వవచ్చునా?

నేర్చుకొనే మనస్సు

జంతువులు ఎట్లా నేర్చుకొంటాయన్న ప్రశ్నకు ఆధునిక శాస్త్రంలో తొలి సమాధానాలు అమెరికాలో థార్న్‌డైక్, రష్యాలో పావ్‌లోవ్ ఇచ్చారు. సుఖాన్నిచ్చే చేష్ట బలపడుతుంది, కష్టాన్నిచ్చే చేష్ట సన్నగిలుతుంది. విద్యుత్ పట్టెడ సమర్థకులు ఈ సూత్రాన్నే ఆశ్రయిస్తారు. కాని ఇందులో ఒక చిక్కు ఉన్నది. కష్టం దేనివలన కలిగిందో నిర్ణయించుకొనేది శిక్షకుడు కాదు, కుక్క.

పావ్‌లోవ్ ప్రయోగశాలలో ఎరోఫెయెవా అనే శాస్త్రవేత్త 1912లో వెల్లడించిన ప్రయోగాలు ఈ సందర్భంలో స్మరణీయం. ఆమె కుక్క చర్మం మీద ఒకచోట విద్యుదాఘాతమిచ్చి, వెంటనే ఆహారం పెట్టేది. క్రమంగా ఆ కుక్క ఆఘాతానికి బెదరడం మాని లాలాజలం స్రవించసాగింది. నొప్పి కూడ అన్నానికి సంకేతమైపోయింది. అయితే ఆఘాతాన్ని శరీరం మీద కొత్త కొత్త చోట్లకు మార్చేసరికి ఆ అలవాటంతా కుప్పకూలి, కుక్క తీవ్రమైన కలవరానికి లోనయింది. ఆఘాతానికి కుక్క మనస్సులో స్థిరమైన అర్థం లేదనీ, సందర్భమే దానికి అర్థాన్ని కల్పిస్తుందనీ ఈ ప్రయోగం తెలిపింది.

1967లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో సెలిగ్‌మన్, మేయర్ జరిపిన ప్రయోగాలు మరింత విషాదకరమైనవి. తప్పించుకొనే వీలు లేకుండా ఆఘాతాలకు గురైన కుక్కలను తరువాత వేరొక పెట్టెలో ఉంచారు. చిన్న అడ్డుగోడ దూకితే చాలు, బాధ తప్పుతుంది. వాటిలో అనేకం దూకలేదు, పడుకొని మూలుగుతూ భరించాయి. దీనిని శాస్త్రజ్ఞులు అభ్యసిత నిస్సహాయత అన్నారు. అదే శాస్త్రజ్ఞులు 2016లో తమ సిద్ధాంతాన్ని సవరించుకొన్నారు. దీర్ఘకాలం బాధకు గురైన మెదడుకు నిశ్చేష్టత సహజస్థితి అనీ, పరిస్థితి తన అదుపులో ఉన్నదన్న ఎరుకనే జంతువు నేర్చుకోవలసి ఉంటుందనీ వారి తాజా నిర్ణయం. కావున మూలన కదలక కూర్చున్న కుక్కను చూసి, బుద్ధి వచ్చిందని మురిసే ముందు ఒక క్షణం ఆలోచించవలసి ఉన్నది.

కొలతలలో తేలినదేమి?

నెదర్లాండ్స్‌లో షిల్డర్, వాన్ డెర్ బోర్గ్ కాపలాపనికి శిక్షణ పొందుతున్న జర్మన్ షెపర్డ్ కుక్కలను పరిశీలించి 2004లో తమ ఫలితాలను ప్రచురించారు. ఆఘాతాలు పొందిన కుక్కలు శిక్షణ స్థలం వెలుపల, మామూలు నడకలో కూడ యజమాని సమక్షంలో ఒదిగి నడిచాయి, భయ సూచకాలను ఎక్కువగా చూపాయి. యజమాని సన్నిధే వాటికి నొప్పికి సూచన అయింది.

జర్మనీలో షాల్కె బృందం 2007లో 14 బీగిల్ కుక్కల లాలాజలంలో కార్టిసాల్ అనే హార్మోనును కొలిచింది. మనస్సు ఒత్తిడికి లోనైనప్పుడు ఈ హార్మోను పెరుగుతుంది. వేటవస్తువును తాకిన క్షణంలోనే ఆఘాతం పొందిన కుక్కలలో పెరుగుదల స్వల్పం. ఏ కారణమూ లేకుండా, ఎప్పుడు పడితే అప్పుడు ఆఘాతం పొందిన కుక్కలలో అది అత్యధికం. ఇక్కడ సమర్థకుల వాదనలో కొంత సత్యమున్నదని అంగీకరించాలి. తప్పుకూ శిక్షకూ నడుమ సంబంధం కుక్కకు స్పష్టంగా తెలిస్తే హాని తగ్గుతుంది. కాని ఆ స్పష్టత ప్రయోగశాలలో సాధ్యమైనంతగా ఇంటి ముంగిట సాధ్యమా? క్షణమాత్రం ఆలస్యమైతే శిక్ష వేరొక చేష్టకు, వేరొక మనిషికి అంటుకొంటుంది.

విద్యుత్ పట్టెడ లేనిదే కొన్ని మొండి అలవాట్లు మానవన్నది రెండవ వాదన. గొర్రెలను తరిమే కుక్కలు, పిలిచినా రాని కుక్కలు దీనికి ఉదాహరణలు. సరిగా ఇట్టి కుక్కలనే, 63 కుక్కలను, ఇంగ్లండులోని లింకన్ విశ్వవిద్యాలయం పరీక్షించి 2014లో ఫలితాలు ప్రకటించింది. అనుభవజ్ఞులైన శిక్షకులు పట్టెడ వాడి నేర్పినప్పటికంటె, అది లేకుండా ఆహారాన్ని, మెప్పును ఆధారం చేసుకొని నేర్పినప్పుడు ఫలితం ఏ మాత్రమూ తీసిపోలేదు. పట్టెడ వాడిన కుక్కలలో ఆందోళన చిహ్నాలు మాత్రం ఎక్కువగా కనిపించాయి. లాభం సమానమై, హాని ఒకవైపే ఉన్నప్పుడు ఎంపిక కష్టం కాదు.

రిమోట్ ఒకరిది, పట్టుతాడు మరొకరిది

గల్ఫు దేశాలలో ఈ సమస్యకు మరొక ముఖమున్నది. పెద్ద ఇళ్ళలో కుక్కను కొనేది యజమాని. దానికి అన్నం పెట్టేది, స్నానం చేయించేది, వీధిలో తిప్పేది తరచుగా ఇంటి డ్రైవరో, తోటమాలియో. కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల నుండి వచ్చి ఇట్టి కొలువులలో ఉన్న తెలుగువారు ఎందరో. యజమాని మేడ మీద నుండి మీట నొక్కితే, కుక్కకు కనిపించేది తన పక్కన తాడు పట్టుకొని నిలిచిన మనిషే. లేదా ఆ క్షణంలో సైకిల్ మీద పోతున్న పసివాడే. నొప్పికి కారణం వారేనని అది భావిస్తే, ఆ తరువాతి కాటు పడేది రిమోట్ పట్టిన చేతి మీద కాదు. ఈ కోణంలో చూస్తే ఇది కేవలం జంతుకారుణ్య సమస్య కాదు, మనుషుల భద్రతా సమస్య కూడ.

చట్టం ఏమంటున్నది?

జర్మనీ సర్వోన్నత పరిపాలనా న్యాయస్థానం 2006లో శిక్షణలో ఈ పరికరాల వాడకం చట్టవిరుద్ధమని తీర్పు చెప్పింది. వేల్స్ 2010లో నిషేధించింది. డెన్మార్క్, స్వీడన్, ఆస్ట్రియా కూడ నిషేధించిన దేశాలలో ఉన్నాయి. అమెరికాలో మాత్రం ఇవి స్వేచ్ఛగా అమ్ముడవుతున్నాయి. గల్ఫు సహకార మండలి దేశాల ఉమ్మడి జంతు సంక్షేమ చట్టాన్ని సౌదీ అరేబియా 2013లో రాజశాసనం ద్వారా అమలులోకి తెచ్చి, జంతువులను బాధించేవారికి భారీ జరిమానాలు నిర్ణయించింది. భారతదేశంలో 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం అనవసరమైన బాధ కలిగించడాన్ని నేరంగా పరిగణిస్తున్నది. పరికరం పేరు ఏదైనా, అనవసరమైన బాధ అన్న మాటే ఇక్కడ గీటురాయి. మరొక మార్గంలో అదే ఫలితం లభిస్తున్నప్పుడు ఆ బాధ అవసరమైనదని ఎట్లా అనగలం?

ప్రత్యామ్నాయం

పిలుపు నేర్పడానికి పొడవైన పట్టుతాడు, జేబులో చిన్న చిన్న మాంసపు ముక్కలు, దినానికి 10 నిమిషాల ఓర్పు చాలును. పిలిచిన వెంటనే వచ్చిన ప్రతిసారీ బహుమతి ఇవ్వాలి. ఆలస్యంగా వచ్చినా కొట్టరాదు, కొడితే రావడానికే శిక్ష పడినట్లవుతుంది. వేసవిలో పాఠం తెల్లవారుజామునే ముగించాలి. తారురోడ్డు వేడికి పాదాలు కాలుతున్న కుక్క దేనినీ నేర్వదు. ఇంట్లో కుక్కను చూసే వారందరూ ఒకే ఆజ్ఞలను ఒకే మాటలతో వాడాలి. అరుపు, కాటు వంటి అలవాట్లు అకస్మాత్తుగా మొదలైతే ముందుగా పశువైద్యునికి చూపించాలి. చెవిపోటు, కీళ్ళనొప్పి వంటివి మొండితనంగా కనిపించే సందర్భాలు అనేకం. చెవిటి కుక్కలకు కంపనం మాత్రమే కలిగించే పట్టెడలున్నాయి. వాటిని విద్యుత్ పట్టెడలతో కలిపి చూడకూడదు.

మన భారతంలో ఆదిపర్వారంభంలోనే ఒక కుక్క ఫిర్యాదు ఉన్నది. జనమేజయుని యాగశాలకు వచ్చిన సారమేయుని రాజసోదరులు అకారణంగా కొట్టారు. తల్లి సరమ వచ్చి, నా బిడ్డ చేసిన తప్పేమిటని అడిగింది. సమాధానం రాలేదు. కారణం లేని భయాలు మీకు కలుగుతాయని ఆమె హెచ్చరించి వెళ్ళింది. కారణం తెలియని శిక్ష కారణం లేని భయాన్ని కంటుందని షాల్కె ప్రయోగశాలలో హార్మోను కొలతలు చెప్పినది కూడ ఇంచుమించు ఇదే. ఏ తప్పునకు ఈ శిక్ష అని కుక్క మనలను అడగలేదు. అడిగితే దానికి అర్థమయ్యేటట్లు మనం చెప్పలేని శిక్షను మీట నొక్కి విధించే హక్కు మనకు లేదు.