దిక్కులేనివారికి ఉత్తరవాది

(రేడియో ప్రసంగము)

నేటి ధ్యానమునకు సామెతలు 31వ అధ్యాయము 8, 9 వచనములు, మొదటి యోహాను 2వ అధ్యాయము 1వ వచనము తెరచి చదువుకొనండి. మొదటిది, నోరులేనివారి పక్షమున మాట్లాడుమని మనకిచ్చిన ఆజ్ఞ. రెండవది, తండ్రియొద్ద మన పక్షమున మాట్లాడే ఉత్తరవాది ఉన్నాడనే శుభవార్త. ఉత్తరవాది అంటే మన తరఫున జవాబు చెప్పేవాడు. కోర్టు మాటల్లో చెప్పాలంటే వకీలు.

బోధన్ పక్క ఊరిలో చెరకు నరకడానికి వచ్చిన ఒక కూలిని ఏదో కేసులో పట్టుకున్నారనుకోండి. అతని భార్య ఏడుస్తూ మన సంఘమునకు వచ్చింది. మనము ప్రార్థన చేస్తాము, మంచిదే. తరువాత ఏమి చెప్తాము? "వకీలుకు డబ్బు లేదు గదా, ఏమి చేస్తావమ్మా" అని పంపివేస్తే, మన తెలియనితనమే ఆ సహోదరుని ఒంటరివానిగా చేస్తుంది.

బీదవారికి ఉచిత న్యాయ సహాయము ఇవ్వాలని 1976లో రాజ్యాంగములో 39ఎ అధికరణము చేర్చారు. 1987లో చేసిన న్యాయ సేవల చట్టము 1995 నవంబరు 9 నుండి అమలులోనికి వచ్చింది. నిందితుడు అడగలేదు గనుక వకీలును ఇవ్వలేదంటే కుదరదు. 1986లో సుక్ దాస్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. ఆ హక్కు అతనికి తెలియజేయకుండా వేసిన శిక్షను కొట్టివేసింది.

ఎవరికి వస్తుంది? స్త్రీలకు, పిల్లలకు, వికలాంగులకు, ఎస్.సి., ఎస్.టి.లకు, జైలులోను పోలీసు నిర్బంధములోను ఉన్నవారికి ఆదాయముతో పని లేకుండా వస్తుంది. పరిశ్రమ కార్మికులు కూడా ఆ వరుసలో ఉన్నారు. 2015 డిసెంబరులో మూతపడిన శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీని చూచిన మన ప్రాంతము ఈ సంగతి ముఖ్యముగా తెలుసుకోవాలి. మిగిలిన బీదవారికి ఆదాయ పరిమితి ఉన్నది. మన సంఘాలలో బి.సి.-సి సర్టిఫికెట్టు గలవారు చాలమంది. "మేము ఎస్.సి. క్రింద రాము, మాకు దొరకదు" అని వెనుదీయకండి. స్త్రీ అయినా, ఖైదీ అయినా, బీదవాడైనా మతము అడగరు.

ఒక పొరపాటు సరిచేసుకుందాము. "ప్రభుత్వ వకీలు" అని మనము పిలిచే పబ్లిక్ ప్రాసిక్యూటరు నిందితుని తరఫువాడు కాడు, కేసు నడిపించే పక్షము వాడు. నిందితుని తరఫున నిలిచేది న్యాయ సేవాధికార సంస్థ ఇచ్చే వకీలు. ఇందుకొరకే 2022లో జాతీయ సంస్థ ఒక కొత్త పద్ధతి తెచ్చింది. దీనిలోని వకీళ్లు సొంత కేసులు తీసుకొనక, పూర్తికాలము బీద నిందితుల పక్షముననే వాదిస్తారు.

"ఉచితమైతే నాసిరకమే" అంటారు కొందరు. రక్షణ మనకు ఉచితముగా రాలేదా? అయినా ఆ వకీలు పట్టించుకొనకపోతే మౌనముగా ఉండనక్కరలేదు, ఆ సంస్థకే అర్జీ పెట్టవచ్చును.

మరికొందరు, "తప్పు చేసినవానికి వకీలెందుకు?" అంటారు. ఒక మనిషి మాట వినకుండ మన ధర్మశాస్త్రము తీర్పు తీర్చునా అని నీకొదేము పరిసయ్యులను అడిగాడు. ప్రియులారా, మన ఉత్తరవాది నిర్దోషుల కొరకు మాత్రమే నిలిచియుంటే మనలో ఎవడు నిలువగలడు? మన దోషము తెలిసియే ఆయన మన పక్షమున నిలిచాడు. అటువంటి కృప పొందినవారము మరొకనిని ఒంటరిగా బోనులో నిలబెట్టవచ్చునా?

కాబట్టి ఇది జ్ఞాపకముంచుకొనండి. మేజిస్ట్రేటు ఎదుటికి తెచ్చిన మొదటి దినముననే "నాకు వకీలు కావాలి" అని చెప్పవచ్చును. జైలులో ఉంటే జైలు అధికారులకు చెప్పవచ్చును. ఇంటివారు నిజామాబాదు జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లవచ్చును, లేదా 15100కు ఫోను చేయవచ్చును. ఈ నంబరును మీ మందిరము గోడమీద వ్రాయించండి. చదువురాని అమ్మ వస్తే ఆమెతో కూడ నడవండి.

ప్రార్థన చేద్దాము. మా ఉత్తరవాదియైన ప్రభువా, మా మూసిన నోళ్లు తెరువుము. మాటాడలేనివారి పక్షమున నిలిచే ధైర్యము మాకు దయచేయుము. ఆమేన్.