గృహశుశ్రూష: పద్దులో చేరునది, చేరనిది

రోగి యింటికి నర్సును పంపుట ధర్మకార్యముగా మొదలైనది. అది లాభసాటి వ్యవహారము కూడ కాగలదని తొలుత గ్రహించినవారిలో ఒక జీవితబీమా కంపెనీ యున్నది. 1893లో లిలియన్ వాల్డ్ అను యువతి, న్యూయార్కు నగరమున వలసవచ్చిన బీదలు క్రిక్కిరిసి నివసించు లోయర్ ఈస్ట్ సైడ్ పేటలో, మేరీ బ్రూస్టరను మరియొక నర్సుతో కలిసి కాపురముండి, మేడమెట్లెక్కి దిగుచు ఇంటింటి రోగులకు శుశ్రూష చేయ నారంభించెను. ఆ ప్రయత్నమే హెన్రీ స్ట్రీట్ సెటిల్‌మెంట్ అను సంస్థగా పెరిగినది. 1909లో మెట్రొపాలిటన్ లైఫ్ ఇన్సూరెన్స్ కంపెనీ, తన పాలసీదారులు జబ్బుపడినప్పుడు ఆ సంస్థ నర్సులు వారి యిండ్లకు పోవునట్లును, అందుకగు రుసుము కంపెనీయే చెల్లించునట్లును ఒడంబడిక చేసికొనెను. ఇందులో దయ యెంత యుండెనో చెప్పలేము గాని లెక్క మాత్రము తేటతెల్లము: పాలసీదారుడు మరణించినచో కంపెనీ సొమ్ము చెల్లింపవలెను, బ్రతికియున్నచో వారము వారము ప్రీమియము ముట్టుచుండును. ఆ యేర్పాటు అమెరికాలో పెక్కు నగరములకు వ్యాపించి, 1950 దశకపు తొలినాళ్ల వరకు నడచినది.

నేటికిని ఈ సేవ స్వరూపమును నిర్ణయించుటలో నర్సు నైపుణ్యమున కెంత పాత్ర కలదో, రుసుమిచ్చువాడు దేనికిచ్చును, దేనికీయడు అను విషయమునకు నంతే పాత్ర కలదు. అమెరికా పద్ధతిని కొంచెము నిదానముగ పరిశీలించినచో ఇది బోధపడును.

అక్కడ ఈ సేవకు ప్రధాన పోషణ మెడికేర్ అను ప్రభుత్వ ఆరోగ్యబీమా. 1965 జులై 30వ తేదీన అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకముతో శాసనమై, ముఖ్యముగ 65 ఏండ్లు నిండినవారికై యేర్పడిన ఆ పథకములో గృహశుశ్రూష మొదటినుండియు ఒక భాగము. వైద్యుడుగాని, అధికారము గల నర్సు ప్రాక్టిషనరు వంటివారుగాని రోగిని చూచి అవసరమును ధ్రువీకరింపవలెను. పుండు కడిగి కట్టు మార్చుట, నరమునకు మందెక్కించుట, క్యాథెటరు మార్చుట వంటి, శిక్షణ పొందిన నర్సు మాత్రమే చేయదగిన పనిగాని, ఫిజియోథెరపిస్టో స్పీచి థెరపిస్టో చేయదగిన పనిగాని యుండవలెను; నర్సు పని యైనచో అది నిరంతరముగ గాక విడివిడిగ, కొద్దికాలము చేయవలసినది కావలెను. అన్నిటికి మించి, రోగి ఇల్లు కదలుట కష్టసాధ్యమైనవాడై యుండవలెను. ఈ కడపటి షరతు విని, గుమ్మము దాటినంతనే సహాయము రద్దగునని బెంగపడు వృద్ధులు కలరు. అది నిజము కాదు. వైద్యునివద్దకును, దైవప్రార్థనకును, ఎప్పుడైన నొకసారి క్షౌరశాలకును, బంధువుల యింట శుభాశుభములకును పోయివచ్చినంత మాత్రమున అర్హత పోదు. చేతికర్రయో, చక్రాల కుర్చీయో, మరియొకరి ఊతయో లేక కదలలేకపోవుటయు, కదలినచో మిక్కిలి ఆయాసపడుటయు అచ్చట ప్రధానము.

రోగి ఆసుపత్రినుండి డిశ్చార్జి అగునప్పుడు అచ్చటి ఉద్యోగులు ఆ ప్రాంతపు గృహశుశ్రూష ఏజెన్సీల జాబితా చేతికిత్తురు. ఎన్నుకొను హక్కు రోగిదే. సాధారణముగ 48 గంటలలోపల నర్సు ఇంటికి రావలెను. ఆ మొదటి రాక చాల దీర్ఘమైనది. రోగి తనంతట తాను చొక్కా తొడుగుకొనగలడా, స్నానపుగదికి నడువగలడా, నాలుగడుగులు వేయగానే రొప్పునా, మందుల సీసాలలో ఒకే మందు రెండు పేర్లతో ఉన్నదా, కాలు తట్టుకొని పడుటకు వీలైన చాపలు నేలపై పరచియున్నవా అని ఆమె అన్నియు చూచి, ఓయాసిస్ అను ప్రభుత్వ నిర్ణీతమైన ప్రశ్నావళిని పూరించును. తరువాత వైద్యుని సంతకముతో 60 దినములకు చికిత్సాప్రణాళిక యేర్పడును; గడువు ముగిసినప్పుడు అవసరమున్నచో మరల ధ్రువీకరింపవచ్చును. నర్సు రాకలకు రోగి తన జేబునుండి ఏమియు చెల్లింపనక్కరలేదు. ఆక్సిజను యంత్రము, ఆసుపత్రి మంచము వంటి పరికరములకు మాత్రము మెడికేరు ఆమోదించిన ధరలో నూటికి 20 వంతులు సాధారణముగ అతని పాలబడును.

ఆ ప్రశ్నావళిని నర్సు అంత శ్రద్ధగ నింపుటకు చికిత్స యొక్కటే కారణము కాదు. ఏజెన్సీకి రావలసిన సొమ్ములో కొంత దానినిబట్టియే తేలును. ఇక్కడ చరిత్ర కొంత వినోదకరముగ నున్నది. 1990 దశకములో మెడికేరు ఒక్కొక్క రాకకు ఖర్చులనుబట్టి చెల్లించుచుండగా రాకలు విపరీతముగ పెరిగినవి. 1997లో అమెరికా కాంగ్రెసు పగ్గములు బిగించినది; పెక్కు ఏజెన్సీలు మూతబడినవి. 2000 అక్టోబరునుండి 60 దినముల శుశ్రూషకు ఒకే మొత్తము చెల్లించు పద్ధతి వచ్చినది గాని, అందులో థెరపీ రాకలు పదింటికి చేరినచో అదనపు సొమ్ము ముట్టునని యొక నియమము చేరినది. దానితో ఆశ్చర్యకరముగ, పదింటికి కొంచెము మించిన రాకలు కావలసిన రోగులు దేశమంతట అధికమైరి! రోగుల మోకాళ్లకు శాసనములతో సంబంధము లేదు గదా. సంబంధమున్నది పద్దులు వ్రాయువారికి. 2008లో ఆ మెట్టును పలు మెట్లుగ చీల్చిరి. చివరకు 2020 జనవరినుండి థెరపీ సంఖ్యను పూర్తిగ విడిచి, రోగి వ్యాధిని, అశక్తతను, ఆసుపత్రినుండి వచ్చెనా, ఇంటినుండియే మొదలయ్యెనా అనుదానిని బట్టి రోగులను 432 తరగతులుగ విభజించి, 30 దినములకొకసారి చెల్లింపసాగిరి. ఆ యేటి మూలధర 1,864 డాలర్లు. అది తరగతినిబట్టియు, ఆ ప్రాంతపు జీతములనుబట్టియు హెచ్చుతగ్గులగును. రాకలు మరీ తక్కువైనచో మొత్తము గాక రాకలవారీగనే లెక్క. ఇప్పుడు భయము వెనుకటికి విపరీతమైనది: మొత్తము స్థిరమైనప్పుడు తక్కువ సార్లు పోయినవానికే మిగులు గనుక, రాకలు అవసరముకంటె తగ్గునేమో యని.

ఇంతవరకు చెప్పినది పద్దులో చేరు సంగతి. చేరని సంగతి దీనికంటె పెద్దది. పక్షవాతముతో పడియున్న వృద్ధునికి నర్సు వారమునకు రెండుమూడు పర్యాయములు వచ్చి గంటసేపు ఉండునేమో. తక్కిన గంటలన్నిటిలో అతనిని లేపి కూర్చుండబెట్టుట, స్నానము చేయించుట, గంజి త్రాగించుట, మలమూత్రములు చూచుట, శయ్యావ్రణములు పుట్టకుండ ప్రక్కకు త్రిప్పుచుండుట ఎవరి పని? నర్సుతోగాని థెరపిస్టుతోగాని పనియున్నంతకాలము స్నానాదులకు సహాయకురాలిని మెడికేరు పంపును గాని, ఆమె కాలమును నర్సు కాలమును కలిపి సాధారణముగ దినమునకు 8 గంటలలోపు, వారమునకు 28 గంటలకు మించరాదు. ఆ పని తీరినంతనే సహాయకురాలును వెడలిపోవును. రాత్రింబవళ్ల తోడు, వంట, ఇంటిపని ఆ పద్దులో నెన్నడును లేవు. అనగా శాసనము సూదిని గుర్తించును, గంజిగిన్నెను గుర్తింపదు. ఆ గిన్నె పట్టుకొనునది ప్రాయికముగ భార్యయో, కూతురో, కోడలో గనుక అది ఖర్చుగనే కనబడదు. దీనిని నేను ఈ పద్ధతి యొక్క మూలలోపముగ భావించుచున్నాను.

రోగి ఇక బాగుపడు సూచన లేదను కారణముతో సేవను నిలిపివేయుట కూడ చాలకాలము ఆచారమై యుండెను. ఈ ఆచారమును సవాలు చేసిన జిమ్మో అను దావాలో 2013లో కుదిరిన రాజీ, ఉన్న స్థితి దిగజారకుండ కాపాడుటకు నిపుణసేవ అవసరమైనను మెడికేరు చెల్లింపవలసినదే యని స్పష్టపరచినది.

తోడునకు సొమ్మిచ్చునది మెడికెయిడ్. ఇది కేంద్రము, రాష్ట్రములు కలిసి పేదలకై నడపునది. దీర్ఘరోగులను ఇంటనే యుంచి పోషించుటకు 1981 శాసనము రాష్ట్రములకు వెసులుబాటు కల్పించినది. ఆ యేడే అయోవా రాష్ట్రమున, శ్వాసయంత్రముపై ఆధారపడిన కేటీ బెకెట్ అను పసిపాప, ఇంటికి పంపినచో ఖర్చు తగ్గునని యెల్లరికి తెలిసియు, ఇంటికి పోయినచో సహాయము ఆగిపోవునను నియమమువలన ఆసుపత్రిలోనే చిక్కుకొనియుండగా, అధ్యక్షుడు రీగన్ ఆ సంగతిని బహిరంగముగ ప్రస్తావించెను, నియమము సడలినది. ఈ వెసులుబాటుకు రాష్ట్రమునకొక తీరు, పెక్కుచోట్ల సుదీర్ఘమైన నిరీక్షణ జాబితా.

ఇది మన తెలుగువారికి పరాయి ముచ్చట కాదు. బిడ్డలవద్దకు అమెరికా వెళ్లిన తల్లిదండ్రులు సందర్శక వీసామీద నున్నచో మెడికేరు వారికి వర్తింపదు. కొనిపోయిన ప్రయాణబీమా, ముందునుండి యున్న వ్యాధులను సాధారణముగ వదలివేయును. గ్రీన్‌కార్డు పొంది అయిదేండ్లు ఎడతెగక నివసించిన 65 ఏండ్ల పెద్దలు మెడికేరును కొనుక్కొనవచ్చును. అయితే తామో, జీవితభాగస్వామియో అచ్చట సుమారు పదేండ్లు పని చేసి పన్ను కట్టియుండకపోయినచో, ఆసుపత్రి విభాగమునకు 2025లో నెలకు 518 డాలర్లదాకా ప్రీమియము. కుమారుడెన్నేండ్లు కట్టినను ఆ యేండ్లు తండ్రి ఖాతాలో చేరవు.

ఇక స్వదేశమున ఉండిపోయిన తల్లిదండ్రులు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణములలో నర్సింగు బ్యూరోలు నేడు వీధివీధికి వెలసినవి. విదేశమునుండి కుమారుడు సొమ్ము పంపును, 12 గంటల డ్యూటీకో, 24 గంటల డ్యూటీకో మనిషి వచ్చును. ఇచ్చట పద్దు తలక్రిందులు: గంజిగిన్నెకే జీతము, సూది సంగతి అనుమానము. వచ్చిన మనిషి జి.ఎన్.ఎమ్. గాని బి.ఎస్సీ. నర్సింగు గాని చదివి రాష్ట్ర నర్సింగు కౌన్సిలులో నమోదైనదా, లేక కొద్ది వారముల శిక్షణ పొందిన కేర్‌టేకరా అని అడుగువారు తక్కువ, వచ్చినవారినందరిని సిస్టరనియే పిలుతుము గనుక. అడుగుట అవమానము కాదు. ఇన్సులిన్ మోతాదు మార్చుట, ముక్కుగొట్టము పెట్టుట కేర్‌టేకరుకు అప్పగింపరాదు. స్నానము చేయించుటకు స్టాఫ్ నర్సు జీతమిచ్చుట వ్యర్థము.

బీమా ఇచ్చట స్వల్పసహాయమే. మన పాలసీలలోని డొమిసిలియరీ హాస్పిటలైజేషన్ అను నిబంధన, ఆసుపత్రిలో చేర్పదగిన రోగిని కదల్చ వీలులేనప్పుడో, ఆసుపత్రిలో పడక దొరకనప్పుడో ఇంట జరిగిన చికిత్సకే వర్తించును. చాల పాలసీలలో అది మూడు దినములకు మించవలెను, ఉబ్బసము వంటి కొన్ని వ్యాధులు మినహాయింపు. 2020 జులైలో వచ్చిన కరోనా కవచ్ పాలసీ మాత్రము వైద్యుని సలహాపై ఇంట జరుగు చికిత్సను 14 దినములవరకు చేర్చుకొనెను. వృద్ధాప్యపు తోడునకు చెల్లించు ఆరోగ్యబీమా సామాన్యముగ కానరాదు. కావున డిశ్చార్జి నాడే వైద్యునిచేత మందుల వేళలు, కట్టు మార్చు తీరు, బీపీగాని షుగరుగాని ఏ అంకె దాటినచో ఎవరికి ఫోను చేయవలెనో కాగితముమీద వ్రాయించుకొనవలెను. బీమాకు ఆశపడువారు చికిత్స మొదలుకాక మునుపే కంపెనీ అనుమతి లిఖితముగ పొందవలెను. బ్యూరోతో ఒప్పందమున, మనిషి సెలవుపెట్టిన దినమున బదులు మనిషిని పంపుదురా, పంపనిచో ఆ దినపు సొమ్ము తగ్గింతురా అనుదానిని అడ్వాన్సు చెల్లింపక మునుపే తేల్చుకొనవలెను.