గొనాడోట్రోపిన్ నిరోధక హార్మోను గ్రాహకాలు – ఔషధ చర్య, పశుసంవర్ధనలో ప్రాధాన్యం

పశుపక్ష్యాదులలో గొనాడోట్రోపిన్ల విడుదలను హైపోథాలమస్‌లోని ప్రేరక హార్మోను (జి.ఎన్.ఆర్.హెచ్.) నడిపిస్తుంది. దీనికి ఎదురుగా పనిచేసే నాడీ పెప్టైడును 2000లో జపాన్ శాస్త్రవేత్త కజుయోషి త్సుత్సుయి బృందం జపాన్ కౌజు పిట్ట మెదడు నుండి వేరుచేసింది. 12 అమైనో ఆమ్లాలు గల ఈ పెప్టైడు గొనాడోట్రోపిన్ల విడుదలను తగ్గించడం వలన దీనికి గొనాడోట్రోపిన్ నిరోధక హార్మోను (జి.ఎన్.ఐ.హెచ్.) అని పేరు వచ్చింది.

గ్రాహకం పనిచేసే తీరు

ఈ హార్మోను ప్రధానంగా జి.పి.ఆర్.147 అనే గ్రాహకంతో బంధం ఏర్పరచుకొంటుంది. అప్పుడు నిరోధక జి-ప్రోటీను ద్వారా కణంలో సైక్లిక్ ఎ.ఎం.పి. తగ్గి, ప్రేరక హార్మోను సంకేతం బలహీనపడుతుంది. ఈ గ్రాహకం పీయూష గ్రంథిలోను, ప్రేరక హార్మోను నాడీకణాలపైన కూడా ఉన్నందున నిరోధం రెండు స్థాయిలలో సాధ్యమవుతుంది.

కౌజు పిట్టలలో మెలటోనిన్ ఈ హార్మోను ఉత్పత్తిని పెంచుతుంది. మెలటోనిన్ చీకటిలో స్రవిస్తుంది కనుక, రాత్రి నిడివి పునరుత్పత్తిని అణచే మార్గాలలో ఇది ఒకటి.

అవరోధకాల ఎంపికలో జాగ్రత్త

ఈ పెప్టైడు చివర ఆర్జినిన్, ఫినైల్ అలనిన్ అమైడు ఉంటాయి. గ్రాహకం గుర్తించడానికి ఈ కొస కీలకం. దీనిని అనుకరించి రూపొందించిన ఆర్.ఎఫ్.9 అనే అవరోధకాన్ని 2006లో ప్రకటించారు. దీనిని ఇచ్చిన క్షీరదాలలో ఎల్.హెచ్. పెరగడంతో, నిరోధం తొలగినందువలననే ఆ ఫలితం వచ్చిందని భావించారు. కాని కిస్‌పెప్టిన్ చివర కూడా అదే కొస ఉంటుంది. ఆర్.ఎఫ్.9 కిస్‌పెప్టిన్ గ్రాహకాన్ని ఉత్తేజపరుస్తుందని తరువాతి పరిశోధనలు వెల్లడించాయి. అందువలన ఎల్.హెచ్. పెరుగుదల ఒక్కటే నిరోధం తొలగిందనడానికి నిదర్శనం కాదు.

కోళ్ళలో కిస్‌పెప్టిన్ జన్యువు గాని, దాని గ్రాహకం గాని లేవు. కనుక గొర్రెలలో వచ్చిన ఫలితాన్ని కోళ్ళకు, కోళ్ళలో వచ్చిన ఫలితాన్ని గొర్రెలకు నేరుగా అన్వయించరాదు. జాతిభేదం హార్మోను చర్యలోను కనిపిస్తుంది: సిరియన్ హామ్‌స్టర్ మగవాటి మెదడులోకి ఈ వర్గపు పెప్టైడును ఎక్కించినప్పుడు ఎల్.హెచ్. తగ్గక పెరిగింది.

క్షేత్రస్థాయి అన్వయం

నిరోధాన్ని తొలగించి పునరుత్పత్తిని ప్రేరేపించడం మత్స్య శాస్త్రానికి కొత్త కాదు. కార్ప్ చేపల ప్రేరిత ప్రజననంలో వాడే ఓవాప్రిమ్ మందు మిల్లీలీటరులో 20 మైక్రోగ్రాముల సాల్మన్ జి.ఎన్.ఆర్.హెచ్. అనురూపం, 10 మిల్లీగ్రాముల డోంపెరిడోన్ ఉంటాయి. డోంపెరిడోన్ డోపమిన్ గ్రాహకాన్ని అడ్డుకొంటుంది. డోపమిన్ పెప్టైడు కాకపోయినా సూత్రం ఒక్కటే. అక్కడ అడ్డుకోవలసిన గ్రాహకం స్పష్టంగా తెలిసినందువలననే విజయం లభించింది.

జి.పి.ఆర్.147 అవరోధకాలకు ఆ స్పష్టత రావలసి ఉంది. ఏ గ్రాహకంపై, ఏ జాతిలో, ఏ మోతాదులో పనిచేస్తుందో నిర్ధారణ కాకుండా రైతులకు సిఫారసు చేయడం తగదు. అంతవరకు గుడ్ల కోళ్ళలో వెలుతురు యాజమాన్యమే ఆధారపడదగిన సాధనం.